ఈ గుల్ల ఎవరిది? సముద్రపు గుల్లల కుటుంబం కనుక్కోవడం ఎలా

ఒడ్డున దొరికినదాన్ని ఫోటో తీసి, నెట్‌లో పెట్టి, వచ్చిన బొమ్మల్లో రంగు కలిసినదాన్ని పట్టుకుని "ఆ, ఇదే" అనేసుకోవడం చాలామంది చేసే పని. మొదటి రెండేళ్లు నేనూ అంతే. అలా పేర్లు రాసి దాచుకున్న డబ్బాను తర్వాత ఒకరోజు తీరిగ్గా తెరిచి చూస్తే సగానికి సగం తప్పులే. రంగు చూశాను గానీ నోరు చూడలేదు. ఒకే జాతిలో పసుపు, ఊదా, చారలున్నవి, లేనివి అన్నీ ఉంటాయి, పైగా నాలుగు రోజులు ఎండలో పడి ఉంటే ఏ రంగైనా తెల్లబోతుంది. నోరు, కీలు, లోపలి మచ్చలు అంత తొందరగా మారవు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా గుల్లను తిరగేసి చూడటం గురించే.

ముందుగా మాటల సంగతి. మనం దొరికినవన్నీ గవ్వలనేస్తాం, రెండు రెక్కలున్నవన్నీ ఆల్చిప్పలనేస్తాం. ఇందులో నేను "గుల్ల" అంటే ఏ మొలస్కా జీవి (నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌ల గుంపులోని మెత్తని ఒంటి జీవి) కట్టుకున్న పెంకైనా అని, "గవ్వ" అంటే అసలైన గవ్వ అని, "చిప్ప" అంటే రెండు రెక్కల గుల్ల, లేదా దాని ఒక్క రెక్క అని అనుకోండి. "నోరు" అంటే నత్త బయటికొచ్చే తెరుపు, "కీలు" అంటే రెండు రెక్కలు కలిసే చోటు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, పాత టూత్‌బ్రష్, స్కేలు, పెన్సిలు, కాగితం. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్‌తో నెట్టుకురావచ్చు కానీ కీలు పళ్ల దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది పడతారు.

1. లోపల ఎవరైనా ఉన్నారేమో చూడండి

దీన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దు. గుల్లను ఇసుక మీదే పెట్టి రెండు నిమిషాలు కదలకుండా చూడండి. కాళ్లు బయటికొస్తే సన్యాసి పీత, అంటే ఆ ఇల్లు దానిది కాదు, అద్దెకు దిగింది. మెత్తని పాదం వస్తే అసలు యజమాని బతికే ఉన్నాడు. నోటికి మూత బిగించి ఉన్నా అంతే. ఏదైనా సరే, ఫోటో తీసుకుని అక్కడే వదిలేయండి.

గుల్ల శంకువులా, అంటే పైన వెడల్పుగా, కిందికి సన్నబడుతూ, నిలువునా సన్నని చీలికలాంటి నోరుతో ఉంటే అసలు చేత్తో ముట్టుకోకండి. కోన్ నత్తల కుటుంబం, కోనిడే. వీటి పన్ను బాణంలా మారిపోయి ఉంటుంది, లోపల బోలు, అందులోంచి విషం ఎక్కిస్తుంది. చేపలను వేటాడే కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు చనిపోయారు. దీనికి విరుగుడు మందు లేదు. "వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదు" అని చెప్పేవాళ్లను నమ్మకండి, దాని తొండం సాగి వెనక్కి కూడా తిరుగుతుంది. ఇదే కుటుంబంలోని కోనస్ మాగస్ విషంలో దొరికిన ఒక పదార్థం ఆధారంగా తయారైన జికోనొటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంత పనికొచ్చే విషమైనా జేబులో వేసుకునేది మాత్రం కాదు.

2. అది నిజంగా మొలస్కాదేనా?

కొత్తవాళ్లు తెచ్చే సంచిలో నాలుగైదు మొలస్కావి కానివి తప్పకుండా ఉంటాయి. రాళ్లకు, పడవలకు అతుక్కుని చిన్న అగ్నిపర్వతంలా కనిపించే బార్నకిల్స్ పీతల చుట్టాలు, పలకలు కలిపి కట్టిన గోడలా ఉంటాయి. గుండ్రంగా, తేలిగ్గా, ఐదు రేకుల పువ్వు గుర్తు ఉన్నవి సముద్రపు అర్చిన్‌లు, సాండ్ డాలర్లు. సన్నని వంకర గొట్టాలు పురుగులవీ కావచ్చు, వెర్మెటిడే అనే నత్తలవీ కావచ్చు. ఈ రెంటినీ విడదీయడం నిజంగా కష్టం. గొట్టం లోపల నున్నగా మెరుస్తూ, మొదట్లో నత్తలా చిన్న చుట్టు ఉంటే వెర్మెటిడే వైపు మొగ్గండి.

బ్రాకియోపాడ్స్ అనే ఇంకో గుంపు ఉంది, అచ్చం చిప్పల్లాగే ఉంటాయి. తేడా పట్టే పద్ధతి సులువు: ఒక్క రెక్కను తీసుకుని మధ్యలో నిలువు గీత గీసినట్టు ఊహించుకోండి. కుడి ఎడమ సరిగ్గా ఒకేలా ఉండి, పై రెక్క, కింది రెక్క మాత్రం వేరువేరుగా ఉంటే బ్రాకియోపాడ్. చాలా చిప్పల్లో దీనికి తలకిందులు, రెండు రెక్కలూ అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి సరిపోతాయి కానీ ఒక్కో రెక్కలో కుడి ఎడమ కలవవు. స్కాలప్‌లు, ఆల్చిప్పలు ఈ నియమాన్ని కాస్త తప్పుతాయి, వాటి సంగతి తర్వాత.

గుల్ల ఎలా పెరుగుతుందో తెలిస్తే మిగతా పని చాలా తేలికవుతుంది. పీత ఎదిగినప్పుడల్లా పాత పెంకును విడిచి కొత్తది వేసుకుంటుంది. మొలస్కాకు ఆ అవకాశం లేదు, పుట్టినప్పుడు మొదలుపెట్టిన ఇంటినే చివరిదాకా పొడిగించుకుంటూ పోవాలి. ఒంటి మీద కప్పుకున్న ప్రావారం అనే పలచని పొర అంచు నుంచి కాల్షియం కార్బొనేట్, కాస్త ప్రోటీన్ వచ్చి గుల్ల అంచుకు అతుకుతాయి. ఇల్లు పొడుగు పెరిగేది ఆ అంచు దగ్గరే. అందుకే గుల్ల కొస దాని బాల్యం, నోటి అంచు దాని నిన్నటి రోజు. మధ్యలో ఒకసారి పీత కొరికినా, రాయికి కొట్టుకున్నా ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. ఐస్‌లాండ్ దగ్గర 2006లో తీసిన ఆర్కిటికా ఐలాండికా అనే చిప్ప వయసును ఈ పెరుగుదల గీతలు లెక్కపెట్టే 507 ఏళ్లని తేల్చారు.

3. ఒక ముక్కా, రెండా, ఎనిమిదా?

ఎనిమిది పలకలు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా కప్పుకుని, చుట్టూ తోలు నడికట్టులా ఉంటే కైటాన్. ఒడ్డున ఎక్కువగా విడిపోయిన పలకలే దొరుకుతాయి, సీతాకోకచిలుక ఆకారంలో, అర్థంకాని ముక్కల్లా. చిన్న ఏనుగు దంతంలా వంగి రెండు కొసల్లోనూ రంధ్రం ఉంటే దంతపు గుల్ల, స్కాఫోపాడ్. ఒక్క కొసే తెరిచి ఉంటే పురుగు గొట్టమేమో చూసుకోండి.

తర్వాత ఆక్టోపస్ చుట్టాలు. నాటిలస్ గుల్లను అడ్డంగా కోస్తే లోపల గదులు గదులుగా ఉంటుంది, గదులన్నిటినీ కలుపుతూ ఒక గొట్టం. దాంతో గాలి, నీరు సర్దుకుంటూ తేలుతుంది. అదే ఆకారంలో కాగితంలా పలచగా, తెల్లగా, గదులు లేకుండా ఉంటే అది ఆర్గోనాట్, నిజానికి గుల్ల కాదు, ఆడ ఆర్గోనాట్ తన చేతులతో స్రవించి గుడ్ల కోసం కట్టుకున్న పొట్లం. ఇది వేరే జీవి దగ్గర కాజేసిన ఇల్లని చాలాకాలం అనుకున్నారు, జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచ్ పరిశోధకురాలు 1830లలో గాజు తొట్లలో వాటిని పెంచి చూసి, స్వయంగా కట్టుకున్నదేనని తేల్చింది. తెల్లగా, కోలగా, గోటితో గీస్తే పిండిలా రాలేది కటిల్‌ఫిష్ లోపలి ఎముక, మనవాళ్లు సముద్రపు నురుగు అనేది దీన్నే.

ఇవన్నీ కలిపినా మీ సంచిలో పదో వంతు కూడా ఉండవు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది: ఒకే ముక్కగా ఉంటే నత్తజాతి, రెండు రెక్కలైతే చిప్పజాతి.

4. నత్తగుల్లను సరిగ్గా పట్టుకోండి, నోటి కింది అంచు చూడండి

కొస పైకి, నోరు మీ వైపు. ప్రతిసారీ ఇలాగే. ఇప్పుడు నోరు కుడి పక్కన ఉంటే కుడిచుట్టు, దాదాపు అన్నీ ఇవే. ఎడమ పక్కన ఉంటే ఒకసారి మళ్లీ చూసుకోండి, ఎందుకంటే ఫోటో తిరగబడటమే ఎక్కువ. కొన్ని మాత్రం పుట్టుకతోనే ఎడమచుట్టు, అమెరికా తూర్పు తీరంలో దొరికే మెరుపు వెల్క్ అలాంటిదే.

తర్వాత నోటి కింది అంచు. అక్కడ గాడి గానీ, కాలువ గానీ, గంటు గానీ ఉందా, లేక అంచు గుండ్రంగా తెగకుండా తిరిగి వచ్చిందా? నన్ను ఒక్క ప్రశ్నే అడగమంటే ఇదే అడుగుతాను. ఆ గాడిలోంచి నత్త ఒక గొట్టాన్ని ముందుకు చాచి నీటి వాసన పడుతుంది, వాసన పట్టి వేటకు పోతుంది. అందుకే గాడి ఉన్నవాటిలో ఎక్కువ మాంసాహారులు, గుండ్రటి నోరున్నవాటిలో ఎక్కువ పాచి గీక్కుతినేవి. ఈ లెక్క అన్నిచోట్లా నిలవదు. స్ట్రాంబస్ అనే నత్తకు (7లో వస్తుంది) గంటు ఉన్నా పాచే తింటుంది, చంద్రనత్తకు గుండ్రటి నోరున్నా పక్కవాడిని తొలిచి తింటుంది.

ఈ ప్రశ్న ఎంత పని చేస్తుందో రెండు గుల్లలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సూదిలా పొడుగ్గా, పది పదిహేను చుట్లతో ఉన్నవి రెండు కుటుంబాలు: టరిటెల్లిడే, టెరిబ్రిడే. దూరం నుంచి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. నోటి కింద చూడండి. అంచు గుండ్రంగా తెగకుండా ఉంటే టరిటెల్లా, బురదలో కూర్చుని నీటిని వడగట్టుకుని బతికేది. కింద చిన్న గంటు, నున్నటి మెరుపు ఉంటే టెరిబ్రా, ఇసుకలో పురుగులను వేటాడేది, కోన్‌లకు చుట్టం. గంటు పొట్టిగా ఓ పక్కకు వంగి, ఒళ్లంతా బుడిపెలుంటే ఈ రెండూ కాదు, సెరిథిడే. నా పాత డబ్బాలో ఈ మూడూ "పొడుగు నత్త" అనే ఒకే చీటీ కింద ఉండేవి.

5. గుండ్రటి నోరైతే

లోపల ముత్యపు మెరుపు ఉందేమో చూడండి. ఉంటే బొంగరపు గుల్లలు ట్రోకిడే కావచ్చు, తలపాగా గుల్లలు టర్బినిడే కావచ్చు. అడుగు బల్లపరుపుగా, బొంగరం బోర్లించినట్టు ఉంటే మొదటివి, పొట్ట ఉబ్బి గుండ్రంగా ఉంటే రెండోవి, కానీ నిజమైన సాక్ష్యం మూత. ట్రోకిడే మూత పలచగా, గోధుమరంగులో, గోరులా ఉంటుంది. టర్బినిడే మూత బరువైన సున్నపు బిళ్ల, ఒక పక్క ఉబ్బు, ఇంకో పక్క చదునుగా చుట్ల గీత. పిల్లికన్ను అని దాచుకునే గుండ్రటి రాయి నిజానికి ఈ నత్త తలుపు! బొంగరంలా ఉండే ఒకప్పటి ట్రోకస్ నైలోటికస్ గుల్లతో చొక్కా గుండీలు చేసేవారు, ఇప్పుడు దాని కుటుంబం టెగులిడే, పేరు రోకియా నైలోటికా.

నోరు అర్ధచంద్రంలా ఉండి, లోపలి అంచు తిన్నగా గోడలా, దాని మీద చిన్న పళ్లుంటే నెరిటిడే. నున్నటి బంతిలా ఉండి, నోటి పక్కన బొడ్డులాంటి గుంత, దాని మీద కండలాంటి ముద్ద ఉంటే చంద్రనత్త, నాటిసిడే. తెల్లగా, ఒంటి నిండా నిలువు రెక్కల్లాంటి ఈనెలుంటే ఎపిటోనిడే. తిరగేస్తే బొడ్డు పెద్దగా తెరుచుకుని, లోపలికి మెట్లు దిగినట్టు కనిపిస్తే ఆర్కిటెక్టోనికిడే, ఒకసారి చూస్తే మళ్లీ మరచిపోరు. పలచని ఊదారంగు గుల్ల పెద్ద గాలివాన తర్వాత గుంపుగా కొట్టుకొస్తే జాంథీనా, నురగ బుడగల తెప్ప కట్టుకుని తలకిందులుగా తేలుతూ బతికేది. ఒంటికి వేరే గుల్లలు, రాళ్లు అంటించుకుని ఉన్నది జెనోఫోరా, తనే ఒక కలెక్టర్.

చుట్టు కనిపించకుండా టోపీలా ఉంటే లింపెట్, కానీ లింపెట్ అనేది ఒక ఆకారం పేరు, ఒక కుటుంబం కాదు. టోపీ నడినెత్తిన రంధ్రముంటే ఫిస్సురెల్లిడే, లోపల అరలాంటి పలక ఉంటే కాలిప్ట్రెయిడే, రెండూ లేకుండా లోపల గుర్రపు నాడా ఆకారంలో మచ్చ ఉంటే అసలు లింపెట్‌ల వైపు వెళ్లండి. ఈ అసలు లింపెట్‌ల పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది, జీవులు తయారుచేసే పదార్థాల్లో అప్పటిదాకా కొలిచినవాటిలో, లాగితే తెగకుండా నిలిచే బలం ఈ పళ్లకే ఎక్కువని 2015లో తేలింది. చదునైన చెవిలా ఉండి, అంచున వరుసగా రంధ్రాలు, లోపల నెమలి రంగులు ఉంటే అబలోన్, హాలియోటిడే. వరుసలో పాత రంధ్రాలు మూసుకుపోయి చివరివి కొన్నే తెరిచి ఉంటాయి, గమనించండి.

6. నోరు చీలికలా ఉంటే

గవ్వ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను ఎక్కువగా పొరపడింది ఇక్కడే. అసలు గవ్వను, సిప్రెయిడే కుటుంబాన్ని, తిరగేస్తే పొట్ట కింద ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా సన్నని చీలిక, రెండు వైపులా పళ్లు. వీపు గాజులా మెరుస్తుంది, ఎవరూ పాలిష్ పెట్టలేదు. బతికున్నప్పుడు ప్రావారం రెండు పక్కల నుంచీ పైకి పాకి గుల్లను దుప్పటిలా కప్పేస్తుంది, పైనుంచి పొర మీద పొర పూస్తుంది. అందుకే గవ్వ మీద గీతలు పడవు, బార్నకిల్స్ పట్టవు. వీపు మీద భూతద్దం పెట్టి చూడండి, చాలావాటికి ఒక లేత గీత వంకరగా పోతుంటుంది. కుడి దుప్పటి, ఎడమ దుప్పటి కలిసిన చోటు అది.

ఇప్పుడు నా తప్పు. పలచగా, పొడుగ్గా, ఒక కొసన చిన్న గోపురం, పెద్ద నోరు, పళ్లే లేని గుల్ల నాకు మూడు దొరికాయి, బుల్లిడే అనే వేరే కుటుంబం అని రాసి పెట్టాను. చాలాకాలానికి తెలిసింది, అవి గవ్వ పిల్లలు. గవ్వ చిన్నప్పుడు మామూలు నత్తలాగే చుడుతూ పెరుగుతుంది. ఒక వయసు వచ్చాక బయటి పెదవి లోపలికి మడుచుకుంటుంది, పళ్లు వస్తాయి, గోపురం పూతలో మునిగిపోతుంది. ఆ తర్వాత పొడుగు పెరగదు, మందమే పెరుగుతుంది. కాబట్టి ఒకే జాతి గవ్వలో పెద్దవి కూడా వేరువేరు సైజుల్లో ఉంటాయి, సైజు చూసి పేరు పెట్టకండి. ఒకప్పుడు డబ్బుగా చెలామణి అయిన మోనెటారియా మోనెటా పసుపుగా, ముడులు తేలి, మూలలున్నట్టు ఉంటుంది. దాని చుట్టం మోనెటారియా యాన్యులస్ వీపు మీద బంగారు ఉంగరం గీసినట్టు ఉంటుంది. ఇవి రెండూ చిన్నవే, చిరుత చుక్కల సిప్రియా టైగ్రిస్ మాత్రం అరచేతిని నింపుతుంది.

గవ్వలా మెరుస్తూ, చీలిక నోరున్నా, పైన పొట్టి గోపురం కనిపించి, చుట్ల మధ్య కుట్టు చోట సన్నని గాడి ఉంటే ఆలివ్, ఒలివిడే. గోపురం దాదాపు చదునుగా, కింద సన్నబడితే కోన్, పైన చెప్పినదే. కోన్‌లలో కోనస్ గ్లోరియామారిస్ అనేదానికి 1777లో పేరు పెట్టారు, దాదాపు రెండు వందల ఏళ్లు అది అపురూపమైన వస్తువు. 1969లో సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ దగ్గర డైవర్లు అది ఉండే చోటు కనిపెట్టాక ఆ అపురూపం కాస్తా పోయింది. అరుదుగా దొరకడం అంటే ఒక్కోసారి మనం వెతికే చోట అది లేకపోవడమే.

7. కింద గాడో కాలువో ఉంటే

ముళ్లు, లేదా నిలువునా మందపాటి కట్టలు చుట్టుకు మూడో అంతకన్నా ఎక్కువో ఉండి, పొడుగు కాలువ ఉంటే మ్యూరిసిడే. ఆ కట్టలు ఏమిటంటే, నత్త పెరగడం ఆపి విశ్రాంతి తీసుకున్న ప్రతిసారీ నోటి అంచును మందంగా కట్టుకున్న గుర్తులు. మధ్యధరా సముద్రపు మ్యూరెక్స్‌ల నుంచే ఒకప్పటి రాజుల ఊదారంగు తీసేవారు, 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలు పిండితే చేతికొచ్చింది 1.4 గ్రాములు. ఇలాంటి కట్టలే రెండు, ఎదురెదురుగా, రెండు పక్కలా బారుగా ఉంటే కప్పగుల్లలు, బర్సిడే.

బయటి పెదవి రెక్కలా విచ్చుకుని, దాని కింది భాగంలో కాలువకు పక్కన ఇంకో చిన్న వంపు ఉంటే స్ట్రాంబిడే. ఆ వంపులోంచి నత్త తన కుడి కన్ను బయటపెట్టి చూస్తుంది, రెక్కకు వేళ్లు మొలిచినట్టుంటే అదే కుటుంబంలోని సాలీడు గుల్ల లాంబిస్. నోటి పక్కన వెడల్పాటి నున్నటి డాలులాంటి పూత, బరువు, పెదవికి పళ్లుంటే కాసిడే. పెద్దగా, బెలూన్‌లా ఉబ్బి, పట్టుకుంటే తేలిగ్గా ఉంటే టోనిడే. లోపలి అంచు, అంటే ఇరుసు మీద మెట్లలాంటి మడతలుంటే వాల్యూటిడే, లేదా శంఖం కుటుంబం టర్బినెల్లిడే. శంఖం, అంటే టర్బినెల్లా పైరమ్, చాలా బరువు, ఆ మడతలు వేలికి స్పష్టంగా తగులుతాయి, బతికున్నప్పుడు మీద గోధుమరంగు తోలులాంటి పొర ఉంటుంది, మనం చూసే తెలుపు అది ఒలిచాక వచ్చేది.

8. చిప్ప అయితే లోపలి వైపు చూడండి

బయటి గీతలు తర్వాత. చిప్పను బోర్లా కాదు, వెల్లకిలా పెట్టి వెలుగు పక్క నుంచి పడేలా తిప్పండి. మూడు కనపడాలి: ముక్కు (చిప్ప పెరగడం మొదలైన, పొడుచుకొచ్చిన కొస) కింద కీలు పళ్లు, కండరం అతుక్కున్న మచ్చలు (ఒకటా రెండా), అంచుకు సమాంతరంగా పోయే సన్నని గీత. ఆ గీత ఒక పక్క లోపలికి వంపు తిరిగితే అక్కడ జీవి గొట్టాలు దాచుకునేదని అర్థం, వంపు ఎంత లోతైతే అది ఇసుకలో అంత లోతున ఉండేదని ఎక్కువసార్లు చెప్పొచ్చు. వంపు ఉన్నది వెనక వైపు. ముక్కును పైకి, వెనక వైపును మీ వైపు పెట్టుకుంటే, మీ కుడిచేతి పక్కది కుడి చిప్ప.

కీలు తిన్నగా ఉండి, దువ్వెన పళ్లలా ఒకేలాంటి చిన్న పళ్లు బారుగా ఉంటే ఆర్సిడే, ఇందులో పొరపాటుకు తావే లేదు. ముక్కుకు రెండు వైపులా చెవులు, ఒకే మచ్చ ఉంటే స్కాలప్, పెక్టినిడే. అంచు వెంట డజన్లకొద్దీ కళ్లుండే జీవి, రెక్కలు టపటపలాడించి ఈదుతుంది. స్కాలప్‌లాగే ఉన్నా ముళ్లుండి, కీలు బంతి, గిన్నె జతల్లా బిగుసుకుంటే స్పాండిలిడే. ఆకారమే లేకుండా రాయిని పట్టి వంకరటింకరగా ఉంటే అసలు ఆల్చిప్ప, ఆస్ట్రెయిడే. ముత్యాలకు పేరుపడిన ముత్యపుచిప్ప వేరే కుటుంబం, టెరిడే, లోపలి మెరుపే సాక్ష్యం.

పలచగా, గుండ్రంగా, వెలుతురు దూరేలా ఉండి, లోపల తిరగేసిన వీ అక్షరంలా రెండు గట్లుంటే ప్లాకునా, కిటికీలకు అద్దాల బదులు వాడినది ఇదే. పలచగా, బంగారు మెరుపుతో, ఒక రెక్కకు రంధ్రముంటే అనోమిడే. ముక్కు సన్నటి కొసన ఉంటే మస్సెల్, మైటిలిడే, అదే ఆకారం చాలా పెద్దదై విసనకర్రలా ఉంటే పిన్నిడే. కత్తి పిడిలా పొడుగ్గా ఉన్నవి రేజర్ చిప్పలు. పక్క నుంచి చూస్తే గుండె ఆకారం, పైనుంచి కిందికి గట్టి ఈనెలుంటే కార్డిడే. మీటరు దాటి 200 కిలోలకు పైగా తూగే ట్రైడాక్నా జైగాస్‌ను కూడా ఇప్పుడు ఈ కుటుంబంలోనే చేర్చారు.

మిగిలిన మామూలు చిప్పలే అసలు తలనొప్పి. కీలు మధ్యలో చెంచాలాంటి గుంత ఉంటే మాక్ట్రిడే. గుంత లేక, ఒక్కో చిప్పకు మూడు పెద్ద పళ్లు, ముక్కు ముందు గుండె గుర్తులాంటి చిన్న మచ్చ ఉంటే వెనెరిడే, మీ సంచిలో ఎక్కువ ఇవే ఉంటాయి. చిన్న ముక్కోణపు మేకులా ఉంటే డొనాసిడే. పలచగా, చదునుగా, వెనక కొస కాస్త ఓ పక్కకు వంగితే టెలినిడే. ఈ నాలుగింటినీ నేను ఇప్పటికీ భూతద్దం లేకుండా చెప్పలేను, టెన్షన్ పడకండి.

9. రంధ్రం ఉంటే పారేయకండి

గుల్ల మీద చక్కగా గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే దండకు గుచ్చడానికి చేసినట్టు ఉంటుంది కదా, అది హత్య గుర్తు. పైన వెడల్పు, లోపలికి పోతూ గిన్నెలా సన్నబడితే చంద్రనత్త పని. గోడలు దాదాపు నిట్టనిలువుగా ఉంటే మ్యూరెక్స్ చుట్టం పని. ఆమ్లంతో కాస్త మెత్తబరచి, పళ్లతో గీకి, మళ్లీ మెత్తబరచి, గంటలకొద్దీ తొలుస్తాయి. గుంత పూర్తి కాకుండా మధ్యలో చిన్న బొడిపెతో ఆగిపోయి ఉంటే చంద్రనత్త సగంలో వదిలేసిందన్నమాట, ఆ చిప్ప ఆ పూటకు బతికిపోయింది.

10. పేరు రాయండి, చీటీ పెట్టండి

కుటుంబం తేలాక జాతి దాకా వెళ్లాలనిపిస్తే అప్పుడు ఫోటోలు చూడండి, ఇప్పుడు వెయ్యి బొమ్మల్లో కాదు, యాభైలో వెతుకుతారు. శాస్త్రీయ నామం మన పేర్లలాగే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేర్లు మారుతుంటాయి కూడా. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో సిప్రియా మోనెటా అని రాసినదే ఇప్పటి మోనెటారియా మోనెటా. అలా ఇల్లు మారిన జాతికి పేరు పెట్టినవారిని, సంవత్సరాన్ని బ్రాకెట్లో రాస్తారు, మారకపోతే బ్రాకెట్ ఉండదు. ప్రస్తుతం చెల్లే పేరు ఏదో మొలస్కాబేస్ అనే ఆన్‌లైన్ పేర్ల జాబితాలో చూసుకోవచ్చు.

చీటీ మీద పేరు కన్నా ముందు రాయాల్సినవి దొరికిన చోటు, తేదీ, ఇసుకా బురదా రాయా అన్న సంగతి. పేరు రేపు సరిచేసుకోవచ్చు, చోటు మరచిపోతే ఎవరూ చెప్పలేరు. ఇంకోటి, రాణి శంఖం అనదగ్గ క్వీన్ కాంక్, ట్రైడాక్నాలు, 2017 నుంచి నాటిలస్ అన్నీ సైటిస్ (ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందం కింద ఉన్నాయి, ఖాళీ గుల్లే అయినా సరిహద్దు దాటించాలంటే కాగితాలు అవసరం కావచ్చు. మీరున్న చోటి చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు, ఏరేముందే కనుక్కోండి.

11. కడగడం, దాచడం

మంచినీళ్లలో ఒకటి రెండు రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ, బ్రష్‌తో రుద్దండి. చాలు. నిమ్మరసం, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ ఏవీ వద్దు, గుల్ల అంటే సుద్దకు దగ్గర చుట్టమే కాబట్టి ఆమ్లం తగిలితే బుసబుస పొంగి పైపొర పోతుంది. బాగా పాచి పట్టిన మొరటు గుల్లలను పలచని బ్లీచ్ నీళ్లలో కాసేపు పెట్టొచ్చు, దాంతో పైనున్న గోధుమరంగు పొర కూడా పోతుందని గుర్తుంచుకోండి, కొన్నిట్లో ఆ పొరే గుర్తింపు. గవ్వలను, ఆలివ్‌లను మాత్రం బ్లీచ్‌లో వేయకండి. ఆరాక మినరల్ ఆయిల్ ఒక చుక్క, మెత్తటి గుడ్డతో.

దాచడానికి చెక్క పెట్టె, అందులోనూ ఓక్, అస్సలు వద్దు. నేను చూడముచ్చటగా ఉందని అలాంటి చెక్క సొరుగులో దూది వేసి పెట్టాను, కొన్ని నెలలకు గుల్లల మీద తెల్లటి బూజులాంటిది లేచింది, తుడిస్తే కింద గుంటలు. బూజు కాదది. చెక్క నుంచి, మామూలు అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుల్లతో కలిసి లవణంగా మారుతుంది, తేమ ఉంటే ఇంకా తొందరగా. 1899లో దీని గురించి రాసిన బైన్ అనే ఆయన పేరు మీద దీన్ని బైన్ జబ్బు అంటారు, ఆయన బాక్టీరియా అనుకున్నాడు గానీ జబ్బే కాదు, రసాయన చర్య. పట్టిన గుల్లను నీళ్లలో నానబెట్టి పూర్తిగా ఆరబెట్టి వేరే డబ్బాలో పెట్టండి, పడిన గుంటలు మాత్రం పూడవు. పాలీప్రొపిలీన్ డబ్బా, ఆమ్లం లేని కాగితపు చీటీ, లోపల ఒక సిలికా జెల్ పొట్లం. చీటీ మీద పెన్సిలుతోనే రాయండి, నా బాల్‌పెన్ రాతలు ఆ తేమకు పాకిపోయి మూడు గుల్లలు ఊరూ పేరూ లేనివైపోయాయి.